జిప్సీ వెనక యాక్సిల్ ఆయిల్ లీక్: సీల్ మార్చినా ఎందుకు ఆగలేదంటే (నా అనుభవం)

మాది 2005 మోడల్ మారుతి జిప్సీ, 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, పైన గుడ్డ టాపు. కాఫీ గింజలు కొనే పని మీద పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి వైపు కొండ ఊళ్లకి దీంట్లోనే తిరుగుతుంటాను, అంటే ఘాట్ ఎక్కడం, పైన మట్టి దార్లు, మధ్యలో గెడ్డలు (కొండ వాగులు) దాటడం ఇవన్నీ మామూలే. ఈ బండికి కింద ఆయిల్ కారడం మొదలైంది, సీల్ (తిరిగే షాఫ్ట్ పక్క నుంచి ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) మారిస్తే కొన్నాళ్లు ఆగేది, మళ్లీ వాన పడి గెడ్డలు పొంగాక మొదలయ్యేది. చివరికి అసలు కారణం దొరికింది. పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే బండి) ఉన్నవాళ్లు చాలామంది ఇదే బాధ పడుతుంటారు కాబట్టి నేను ఎలా వెతికానో, ఎలా బాగుచేయించానో మొత్తం రాస్తున్నా.

ముందు ఒక గ్యారేజీలో చూపిస్తే ఇంజిన్ వెనక క్రాంక్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి అన్నారు. నాకు నమ్మకం కుదర్లేదు. ఎందుకంటే మచ్చ పడుతున్నది బండి వెనక భాగంలో, పైగా వేలితో తీసి వాసన చూస్తే ముక్కు ముడుచుకునే గంధకం వాసన. ఇంజిన్ ఆయిల్‌కి ఆ వాసన రాదు, అది గేర్ ఆయిల్‌దే, గేరు పళ్ల మీద ఒత్తిడి తట్టుకోడానికి అందులో గంధకం మందులు కలుపుతారు. మీ బండి కింద మచ్చ కనిపిస్తే ఎవరికీ చూపించకముందే ఈ పని చెయ్యండి, ఒక తెల్ల అట్టముక్క రాత్రంతా కింద పెట్టి పొద్దున్నే రంగు, వాసన, ఎక్కడ పడిందో చూడండి. నల్లగా పల్చగా ఉంటే ఇంజిన్, బంక బంకగా గంధకం వాసన కొడితే గేర్ ఆయిల్, నీళ్లలా పల్చగా ఉండి వెనక చక్రం లోపలి వైపు కనిపిస్తే బ్రేక్ ఆయిల్ అనుమానించాలి, అదైతే బండి కదపకూడదు.

గేర్ ఆయిల్ అని తేలినా పని అయిపోదు. జిప్సీలో గేర్ ఆయిల్ ఉండే చోట్లు నాలుగు, గేర్‌బాక్స్, దాని వెనక విడిగా వేలాడే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకి శక్తి పంచే పెట్టె), ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండి రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల పెట్టె). చాలా ఫోర్ బై ఫోర్‌లలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్‌కే అంటుకుని ఉంటుంది, దీంట్లో మాత్రం రెంటికీ మధ్య చిన్న ప్రొపెల్లర్ షాఫ్ట్ (తిరుగుతూ శక్తిని మోసుకెళ్లే కడ్డీ) ఒకటి ఉంటుంది, అక్కడి నుంచి ముందుకొకటి వెనక్కొకటి, మొత్తం మూడు షాఫ్టులు. వెతకడానికి ఇది మంచిదే, ఒకదాని ఆయిల్ ఇంకోదాంట్లోకి దిగే గొడవ లేదు. ఇబ్బంది ఏంటంటే బండి పరిగెడుతుంటే గాలికి ఆయిల్ వెనక్కి కొట్టుకుపోతుంది, తిరిగే షాఫ్ట్ దాన్ని చుట్టూ చిమ్మేస్తుంది, చివరికి కిందంతా తడే.

అందుకే మొదట కడిగించాను. డీజిల్, బ్రష్షు పెట్టి నాలుగింటినీ రుద్ది, సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, సీళ్లు ఉన్న చోటల్లా ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాను. పౌడర్ మీద ఆయిల్ చుక్క దాచినా దాగదు. అలా ఘాట్ కింద దాకా వెళ్లొచ్చి చూస్తే గేర్‌బాక్స్ తడి లేదు, ట్రాన్స్‌ఫర్ కేసు తడి లేదు, వెనక డిఫరెన్షియల్‌కి షాఫ్ట్ తగులుకునే ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే పళ్లెం) వెనక మాత్రం చెమ్మగా గీత, దానికి సరిగ్గా పైన ఫ్లోర్ రేకు మీద అడ్డంగా ఆయిల్ చిమ్మిన చార. అంటే పినియన్ సీల్ (పినియన్ అంటే షాఫ్ట్‌తో తిరుగుతూ డిఫరెన్షియల్‌లోకి వెళ్లే చిన్న గేరు). ఎప్పుడూ తడి కనిపించిన వాటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న చోటే పట్టుకోవాలి, కింద కారే చోటు చూసి మోసపోకూడదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ పినియన్ సీల్ ఇంతకుముందు మార్చిందే, అంత త్వరగా అరిగిపోయే వస్తువు కాదు, మరి ఎందుకు పోతోంది? నాకు తోచింది ఏంటంటే సీల్‌ని లోపల నుంచి ఏదో తోస్తోంది, లేదా బయట నుంచి ఏదో కోస్తోంది. మా విశాఖ ఆటోనగర్‌లో పాత జీపులు చేసే పెద్ద మేస్త్రీ ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గరికి తీసుకెళ్తే సీల్ జోలికి పోకుండా ముందు "బాబూ, బ్రీదర్ ఎప్పుడు చూశారు?" అని అడిగారు. చూడలేదండీ, ఎవరూ చూపించలేదు అన్నాను.

బ్రీదర్ అంటే యాక్సిల్ హౌసింగ్ (యాక్సిల్, డిఫరెన్షియల్ ఉండే ఇనప తొడుగు) నెత్తిన ఉండే చిన్న గాలి దారి. బండి నడిస్తే లోపల ఆయిల్ వేడెక్కుతుంది, దాంతో గాలి వ్యాకోచిస్తుంది, అది పోవడానికి దారి ఉండాలి. దారి మూసుకుపోతే ఆ ఒత్తిడంతా సీళ్ల మీదే, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ని తోసుకుని వస్తుంది. అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. ఘాట్ ఎక్కి వేడి మీదున్న యాక్సిల్‌ని తీసుకెళ్లి చల్లటి గెడ్డలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా సంకోచించి పీల్చడం మొదలుపెడుతుంది, బ్రీదర్ మూసుకుని ఉంటే సీల్ పెదవి (తిరిగే భాగానికి ఆనుకునే లోపలి అంచు) పక్క నుంచి నీళ్లని లాక్కుంటుంది. అంటే ఎక్కేటప్పుడు ఆయిల్ బయటికి, దాటేటప్పుడు నీళ్లు లోపలికి. వానాకాలంలోనే లీకు ఎందుకు తిరగబెడుతోందో నాకు అక్కడ అర్థమైంది.

విప్పి చూస్తే అది ఎర్రమట్టి, తుప్పు కలిసి రాయిలా గట్టిపడి ఉంది, నోటితో ఊదితే కొంచెం కూడా గాలి పోలేదు. వెంటనే ఆయిల్ చూద్దాం అన్నారు. ఇక్కడ ఒక నియమం చెప్తాను, ఎప్పుడైనా సరే డ్రెయిన్ ప్లగ్ విప్పే ముందు ఆయిల్ పోసే పై ప్లగ్ విప్పండి. పైది బిగుసుకుపోయి రాకపోతే, కిందది విప్పి ఆయిల్ అంతా వదిలేశాక పోయడానికి దారి ఉండదు, బండి అక్కడే ఉండిపోతుంది. పైది విప్పి వేలు పెడితే లెవెల్ బాగా కిందికి ఉంది, మామూలుగా కన్నం అంచు దాకా ఉండాలి. కింద ప్లగ్ తీయగానే ముందు కాసిని నీళ్లు, తర్వాత పాలు కలిపిన టీ రంగులో ఆయిల్. చాలా బాధేసింది, ఆ నీళ్లతోనే క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద గేరు), బేరింగులు ఎన్నాళ్లు తిరిగాయో. ప్లగ్‌కి మెత్తటి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది, అది మామూలు అరుగుదలే, ముక్కలు గానీ రవ్వలు గానీ లేవు కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం. ఫ్లాంజ్‌ని పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆట లేదు. అటూ ఇటూ తిప్పితే కొంచెం కదలడం సహజం, పైకీ కిందికీ ఆడితే మాత్రం పినియన్ బేరింగ్ పోయినట్టు, అప్పుడు ఎంత మంచి సీల్ వేసినా నిలవదు.

ఇక విప్పడం. ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు, వెనక యాక్సిల్ కింద స్టాండులు (జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని ఎవరూ కింద దూరొద్దు, దయచేసి). షాఫ్ట్‌కీ ఫ్లాంజ్‌కీ కలిపి పెయింట్ గీత గీశారు, మళ్లీ అదే స్థానంలో బిగించకపోతే వైబ్రేషన్ రావచ్చు. ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. వెనక చక్రాలు రెండూ గాల్లో, బ్రేకులు వదిలేసి, ఫ్లాంజ్‌కి తాడు చుట్టి స్ప్రింగ్ కాటాతో మెల్లగా లాగి ఎంత బరువు దగ్గర తిరుగుతోందో రాసుకున్నారు. ఎందుకంటే ఈ రకం పినియన్‌లో నట్టు బిగించే కొద్దీ లోపలి స్పేసర్ (బేరింగుల మధ్య ఉండే గొట్టం ముక్క) నలిగి బేరింగుల మీద బిగువు ఏర్పడుతుంది. నట్టు తీసి మళ్లీ ఇష్టమొచ్చినట్టు బిగిస్తే, ఎక్కువైతే బేరింగులు వేడెక్కి కూత పెడతాయి, తక్కువైతే ఆట వచ్చి క్రౌన్ పళ్లే పోతాయి. నట్టుకీ పినియన్ కొసకీ పంచ్‌తో గుర్తు, నట్టు బయటికి కనిపించే పినియన్ మరల (చుట్ల) లెక్క కూడా తీసుకున్నారు. సీల్ మార్చేవాళ్లలో ఎంతమంది ఇది చేస్తున్నారో గానీ, మీరు పక్కన ఉంటే అడిగి చేయించుకోండి.

పుల్లర్‌తో ఫ్లాంజ్ లాగితే రెండో దోషి బయటపడింది. సీల్ పెదవి రాసుకునే చోట చుట్టూ గాడి పడి ఉంది, గోరు పెడితే తట్టుకుంటోంది. మట్టి రేణువులు పెదవి కింద చేరి ఏళ్ల తరబడి కోసిన గాడి అది. కొత్త సీల్ పెదవి కూడా సరిగ్గా ఆ గాడి మీదే కూర్చుంటుంది కాబట్టి ఎలా నిలుస్తుంది. లేత్ మీద పెట్టి గాడి పోయేలా పల్చగా చెక్కిస్తే సరిపోతుంది అని పక్కనున్న కుర్రాడు అంటే మేస్త్రీ ఒప్పుకోలేదు, టూల్ పక్కకి జరుగుతూ గీసిన సన్నటి గీతలు స్క్రూ చుట్లలాగా పనిచేసి తిరిగేటప్పుడు ఆయిల్‌ని బయటికి నడిపిస్తాయన్నారు, అది నిజం. ఉన్న దారులు రెండు, కొత్త ఫ్లాంజ్ లేదా దాని మీద ఎక్కించే పల్చటి స్టీల్ స్లీవ్. కొత్తది దొరికింది కాబట్టి అదే తీసుకున్నాను, పాత బండికి ఇలాంటి చోట పొదుపు వద్దు అనిపించింది.

సీల్ వెయ్యడం చిన్న పనే కానీ శ్రద్ధగా చెయ్యాలి. పాత సీల్ మీద అచ్చు పోసిన కొలతల నంబరు చూసి అదే కొలత తెచ్చాం, స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకి ఉండాలి, పెదవికి గ్రీజు రాయాలి లేకపోతే మొదటి తిరుగుడులోనే పొడిగా రాసుకుని కాలిపోతుంది. సుత్తితో ఒక పక్క కొట్టకుండా సీల్ అంచుకి సరిపోయే పైపు ముక్క పెట్టి నెమ్మదిగా సమంగా దించారు. నట్టు గుర్తు దాకా తెచ్చి, మళ్లీ తాడు, కాటా పెట్టి చూసి, ఇంకాస్త మాత్రమే లాగి పాత అంకెకి కలిపారు.

ఆయిల్ నేరుగా కొత్తది నింపెయ్యలేదు. లోపల నీటి తడి ఉంది కాబట్టి ముందు కొంచెం ఆయిల్ పోసి చక్రాలు తిప్పి వదిలేశాం, రంగు తేరేదాకా అలా చేసి, తర్వాత 80డబ్ల్యూ-90 జీఎల్-5 (గేర్ ఆయిల్ చిక్కదనం, రకం చెప్పే గుర్తులు) లీటరున్నర దాకా పట్టింది. డిఫరెన్షియల్‌కి జీఎల్-5 మంచిదే కానీ అదే డబ్బా గేర్‌బాక్స్‌లో పోసే ముందు మాన్యువల్ చూడండి, జీఎల్-4 చెప్పిన గేర్‌బాక్సుల్లో ఇత్తడి సింక్రో రింగులకి (గేరు మెత్తగా పడేలా చేసేవి) అది పడకపోవచ్చు. తీసిన పాత ఆయిల్ డబ్బాలో పట్టి వేస్ట్ ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చాం, గెడ్డ నీళ్లు తాగే ఊళ్లకి తిరిగేవాళ్లం కదా, ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదు.

చివరిగా బ్రీదర్. పాతది శుభ్రం చేసి పెట్టొచ్చు కానీ మళ్లీ మొదటి గెడ్డలోనే మునుగుతుంది. అందుకని దాని స్థానంలో పైపు తగిలించే నిప్పుల్ పెట్టి, పెట్రోల్ తట్టుకునే రబ్బరు హోస్ వేసి, ఛాసీ వెంట పైకి తీసుకెళ్లి వెనక లైటు లోపలి వైపు ఎత్తులో వదిలాం, కొస కిందికి వంచి చిన్న ఫిల్టర్ తొడిగాం. యాక్సిల్ కిందికీ పైకీ ఆడుతుంది కాబట్టి హోస్‌ని బిగుతుగా కట్టకుండా కొంచెం వదులు ఉంచాలి, సైలెన్సర్‌కి తగలకుండా చూసుకోవాలి. ఖర్చులో ఇది అన్నిటికంటే తక్కువ, ఫలితంలో అన్నిటికంటే ఎక్కువ. ముందు యాక్సిల్‌కీ, ట్రాన్స్‌ఫర్ కేసుకీ కూడా అదే హోస్ వేయించేశాను.

ఆ తర్వాత వానాకాలం మొత్తం తిరిగాను. ఫ్లాంజ్ వెనక పౌడర్ చల్లి చూసినా తడి లేదు, పై ప్లగ్ విప్పి వేలు పెడితే ఆయిల్ అంచు దాకా ఉంది, రంగు కూడా శుభ్రంగా ఉంది. ఇప్పుడు మిగిలింది ముందు యాక్సిల్. ఎడమ చక్రం దగ్గర స్టీరింగ్ తిరిగే గుండు మీద గ్రీజు పల్చబడి కారుతోంది, అంటే లోపలి యాక్సిల్ సీల్ దాటి డిఫరెన్షియల్ ఆయిల్ గ్రీజులోకి వస్తోందన్నమాట. అది కూడా మూసుకుపోయిన బ్రీదర్ పుణ్యమే అయుంటుందని మేస్త్రీ అంటున్నారు, సీళ్ల కిట్ తెప్పించి పెట్టాను, కాఫీ సీజన్ మొదలయ్యేలోపు విప్పిస్తాను.