పులి కన్నా ముందు పత్తి చేను

ఇక్కడ పెరిగే పిల్లలకు అడవిలో పులిని చూపించాలనుకుంటే మొదట అడ్డొచ్చేది బడి క్యాలెండరే. న్యూజెర్సీలో జూన్ మూడో వారం దాటితే గానీ బడులు వదలరు. ఇండియా చేరి, నిద్రలు కుదుటపడి, చుట్టాలిళ్ళన్నీ తిరిగేసరికి జులై వచ్చేస్తుంది. జులై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా మహారాష్ట్రలోని తాడోబా టైగర్ రిజర్వులో కోర్‌ను, అంటే లోపలి అడవిని, వానలకు మూసేస్తారు. పులి బాగా కనిపించేది ఏప్రిల్, మే నెలల్లో. కుంటలు ఎండిపోయి, మిగిలిన కాసిని నీళ్ళ దగ్గరికి జంతువులన్నీ రాక తప్పని రోజులవి. అప్పుడేమో మా పిల్లలకు పరీక్షలు.

అందుకే డిసెంబరు అనుకున్నాం. గడ్డి ఇంకా ఏపుగా ఉంటుంది, పులి కళ్ళబడే అవకాశం తగ్గుతుంది, క్రిస్మస్ వారానికి సఫారీ పర్మిట్లు చాలా ముందే అయిపోతాయి. అయినా నాకు డిసెంబరే కావాలనిపించింది. పత్తి తీసే కాలం అది.

మా అమ్మ వాళ్ళది కాగజ్‌నగర్ దగ్గర పల్లె. తాడోబా ఉన్న చంద్రపూర్ జిల్లాకూ మాకూ మధ్య ఉన్నవి నదులే. అక్కడ పుట్టి ఈడొచ్చిన పులులు తమకంటూ ఒక చోటు వెతుక్కుంటూ పెన్‌గంగ, ప్రాణహిత దాటి ఇటు వస్తాయి. 2012లో టైగర్ రిజర్వు అయిన కవ్వాల్‌కు వాటి దారి మా అడవుల మీదుగానే. 2020 నవంబరులో ఒకసారి, 2024 నవంబరులో మళ్ళీ, మా జిల్లాలో పత్తి చేలో పని చేస్తున్న ఆడవాళ్ళు పులి దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. పులి వెనకనుంచి మీద పడుతుందని, తల వెనక పెట్టుకునే ముఖాల మాస్కులు కూలీలకు పంచారు. మా చిన్నమ్మ ఆ రోజుల్లో పొద్దు బాగా ఎక్కాకే చేనికి పోయేది, నాలుగు కాకముందే ఇల్లు చేరేది. పత్తి చెట్టు మీదే ఉండి మంచుకు తడిసినా సరే.

ఇదేదీ తెలియకుండా మా పిల్లలు పులిని ప్రేమించారు. తెలియనివ్వలేదు అనడమే నిజం, ఫోన్లో అమ్మ ఈ సంగతులు చెప్తుంటే నేను పక్క గదిలోకి వెళ్ళి మాట్లాడేదాన్ని. పాప బడిలో పులుల మీద ప్రాజెక్టు చేసింది. 2006లో దేశం మొత్తం మీద 1,411 ఉంటాయని అంచనా వేశారని, 2022 లెక్కకు అవి 3,682 అయ్యాయని వీడియో కాల్‌లో అమ్మమ్మకు సంబరంగా చెప్పింది. అమ్మ అంతా విని, "మంచిగయింది బిడ్డా. మరి గవన్నీ యాడుంటయి?" అంది.

ఆ ప్రశ్నకు పాప దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర పిల్లలిద్దరికీ అన్నీ చెప్పాను, చేలో చనిపోయినవాళ్ళ సంగతితో సహా. పెద్దాడు పులుల్నే ఇంకోచోటికి పంపాలన్నాడు. పాప మాత్రం మనుషులే వేరే ఊరికి పోవచ్చు కదా అంది. కవ్వాల్ అడవి లోపలున్న మైసంపేట, రాంపూర్ ఊళ్ళను నిజంగానే బయటికి తరలించారని, తాతలనాటి చోటు వదిలి వెళ్ళడం ఆ కుటుంబాలకు చిన్న సంగతి కాదని చెప్పాను. కాసేపటికి పెద్దాడికి మా పెరట్లోకి వచ్చే నల్ల ఎలుగుబంట్లు గుర్తొచ్చాయి. చెత్తడబ్బా ఎప్పుడు బయటపెట్టాలో, ఎదురుపడితే ఎలా వెనక్కి జరగాలో వాడికి బాగా తెలుసు. "అంటే అమ్మమ్మ ఊళ్ళో కూడా అలాంటి రూల్స్ ఉంటాయా?" అని అడిగాడు. ఉంటాయి. అవి వాడు చిన్నమ్మ నోటి నుంచే వినాలని నా కోరిక.

నాగపూర్‌లో దిగి, రిసార్టులో బస చేసి, రెండు సఫారీలు తిరిగి, ఫోటోలతో వెనక్కి వచ్చేయడం తేలికే. మా స్నేహితులు చాలామంది అలాగే వెళ్ళొచ్చారు, పిల్లలు బాగా ఆనందించారు కూడా. మా పిల్లలకు ఇండియా అంటే పెళ్ళిళ్ళు, మాల్స్, ఏసీ గదులు. పులి కూడా ఆ వరుసలో ఇంకో వినోదమైతే నాకు బాధగా ఉంటుంది. అందుకని ముందు ఊరు, తర్వాత అడవి. కాగజ్‌నగర్‌లో రైలెక్కితే బల్లార్షా మీదుగా చంద్రపూర్‌లో దిగొచ్చు.

మాలాంటివాళ్ళకు పనికొచ్చేవి కొన్ని. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉంటే జాతీయ పార్కుల్లో ప్రవేశ రుసుము భారతీయులతో సమానం, కార్డు తప్పక దగ్గరుంచుకోండి. బుకింగ్‌లో రాసిన గుర్తింపు పత్రం అసలుదే గేటు దగ్గర అడుగుతారు. తాడోబాకు మంగళవారం సెలవు. కోర్‌లోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, కెమెరా ఉంచుకోవచ్చు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఇది వరమనే అంటాను. ఫోన్ లేకపోతే కొండముచ్చు అరుపు వింటారు, దుప్పులన్నీ ఒకవైపే ఎందుకు చూస్తున్నాయో గమనిస్తారు. తెల్లవారుజామున పైకప్పు లేని జిప్సీ జీపులో చలి కోస్తుంది, ఉన్ని టోపీలు మరవద్దు. గైడ్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. వాళ్ళను పులి గురించే కాక వాళ్ళ ఊరి గురించి కూడా అడగమని పిల్లలకు చెప్పి ఉంచాను. తాడోబా చెరువు గట్టున గోండుల దేవుడు తారు గుడి ఉంది. పులితో పోరాడి చనిపోయిన ఊరి పెద్దనే వాళ్ళు దేవుడిగా కొలుస్తారు. ఆ కథ విన్నప్పటి నుంచి పెద్దాడికి పులి కంటే ఆ గుడి మీదే మనసు పోయింది.

జిప్సీలో డ్రైవరు, గైడు కాక ఆరుగురు కూర్చోవచ్చు. మేం నలుగురం, అమ్మ అయిదో మనిషి. ఆరో సీటుకు చిన్నమ్మను అడిగాను. "మా చేనికచ్చేదాన్ని చూడనీకి గంత దూరం పోవాల్నా?" అంది మొదట. రెండు రోజులయ్యాక తనే ఫోన్ చేసింది. అది మనుషుల్ని పట్టించుకోకుండా తన అడవిలో తాను తిరుగుతుంటే ఎట్లుంటదో ఒక్కసారి చూడాలనుందట. ఆమె ఆధార్ నంబరు పంపమన్నాను, పర్మిట్లు తెరవగానే ఆరుగురికీ కలిపి బుక్ చేస్తాను.