డెబ్బై మూతల నక్షత్రం

మా ఊరు బాపట్లకు దగ్గర, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంటుంది. నేను ఇంట్లో మిషను కుడతాను, ఆదివారం పూట మందిరంలో సండే స్కూల్ పిల్లలకు పాఠం చెబుతాను. డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్‌కు మందిరం అలంకరణ అంతా నాదీ పిల్లలదీ. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పద్ధతే: ఐదు వెదురు బద్దలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, ముందు కొబ్బరి చెట్టుకు వేలాడదీస్తే నక్షత్రం. లోపల పశువుల పాక, కొండలు, దేవదూత రెక్కలు, అన్నీ థర్మాకోల్.

ఆ థర్మాకోలే నాకు బాధగా ఉండేది. నూతన సంవత్సరం ఆరాధన అయిపోయిన మర్నాడు అదంతా విరిచి మందిరం వెనక పడేసేవాళ్లం. విరిచినచోటల్లా తెల్లటి గింజలు రాలేవి. ఊడిస్తే చీపురుకు అంటుకునేవి, ఊదితే లేచేవి, చివరికి గాలికి కాలవలోకి కొట్టుకుపోయేవి. ఏప్రిల్లో ఈస్టరుకు మందిరం కడుగుతుంటే గోడ వారన మట్టిలో ఇంకా కనపడేవి. 2022 జూలై 1 నుంచి దేశంలో నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్కుల్లో అలంకరణకు వాడే థర్మాకోల్ కూడా ఉంది. మరుసటి సంవత్సరం కమిటీలో నేనే లేచి అడిగాను, ఈసారి ఖాళీ సీసాలతో చేస్తామని. ఒక పెద్దాయన "చెత్త ఏరుకొచ్చి దేవుడి మందిరంలో కడతావా అమ్మాయ్" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, నిజంగానే ఆయనకు మనసొప్పలేదు. నాకూ ఆ మాట గుండెలో ఉండిపోయింది. చేస్తే చూసినవాళ్లకు చెత్త అని అనిపించకుండా చెయ్యాలని అప్పుడే అనుకున్నాను.

సీసాలకు కొదవ లేదు. కార్తీక మాసంలో సూర్యలంక బీచ్‌కి జనం తండోపతండాలుగా వస్తారు. పౌర్ణమి స్నానాలు, వనభోజనాలు, ఆదివారం సెలవులు. మర్నాడు పొద్దున్నే పిల్లల్ని తీసుకెళితే సరుగుడు తోటల్లో గంటలో మూడు బస్తాలు నిండాయి. ఇంటికి తెచ్చాక మొదటి పొరపాటు నేనే చేశాను. ఇసుక, జిగురు వదలాలని ఓ పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి అందులో పది సీసాలు ముంచాను. చూస్తుండగానే నడుములు లోపలికి పోయి, వంకాయ వాడినట్టు ముడుచుకుపోయాయి. ఈ సీసాల ప్లాస్టిక్కును పెట్ అంటారు, అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటుంది. డెబ్బై, ఎనభై డిగ్రీల వేడికే అది మెత్తబడుతుంది. పరీక్షనాళిక లాంటి చిన్న గొట్టాన్ని వేడిచేసి, సాగదీసి, గాలి ఊది సీసా చేస్తారు కాబట్టి మళ్లీ వేడి తగిలితే అది తన పాత ఆకారంలోకి ముడుచుకోవాలని చూస్తుంది. గోరువెచ్చని నీళ్లు చాలు. లేబులు జిగురు పోవడానికి కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి, సబ్బు నీళ్లతో తోమితే వస్తుంది.

ఆ మొదటి సంవత్సరం, 2023లో, చెట్టు చేశాం. సీసాల్ని సగానికి కోసి, నిలువుగా చీలికలు చేసి, కొమ్మల్లా వంచి, ఒక కర్ర చుట్టూ వరసలు వరసలుగా గుచ్చాం. ఆకుపచ్చ సీసాలు చాలక మామూలువాటికి ఆక్రిలిక్ రంగు పూశాం. ఫెవికాల్ పట్టలేదు. నున్నటి ప్లాస్టిక్ మీద అది ఆరి పొరలా ఊడొచ్చేసింది. గ్లూ గన్ తెచ్చాం. అది పట్టింది కానీ, పల్చటి సీసాల మీద వేడి జిగురు పడినచోట గుంట పడి వంకర తిరిగింది. నా బట్టల కత్తెర కూడా ఆ పనిలోనే మొండిబారింది. సీసాలు కోసేవాళ్లు పాత కత్తెర ఒకటి దానికోసమే పెట్టుకోండి. కోసిన అంచులు బ్లేడంత పదును. మా గుంపులో చిన్నపిల్ల వేలు తెగితే ఆ రోజుకు పని ఆపేశాను. మర్నాటి నుంచి కోత పెద్దవాళ్ల పని, గుచ్చడం పిల్లల పని.

చెట్టు సగం అయ్యేసరికి మిగ్‌జాం తుపాను వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ గాలికి మందిరం వరండాలో ఉన్న చెట్టు పడిపోవడం పెద్ద విషయం కాదు. చుట్టూ వరి పొలాలు నీళ్లలో పడుకుంటే, కుప్పలు తడిసి మొలకెత్తుతుంటే, అలంకరణ గురించి మాట్లాడటానికే నోరు రాలేదు. వారం తర్వాత పిల్లలే వచ్చి "టీచర్, నిలబెడదామా" అని అడిగారు. నిలబెడదామని దగ్గరికెళితే రంగంతా పొలుసులు పొలుసులుగా ఊడింది. గోటితో గీకితే పాము కుబుసంలా లేచింది. రంగు వేసే ముందు గరుకు కాగితంతో రుద్దాల్సిందట, తర్వాత తెలిసింది. ఏదో సర్ది నిలబెట్టాం. ఆ పండగ అలా గడిచింది. చాలా ఇళ్లలో ఆ ఏడు కొత్తబట్టలు కూడా లేవు.

అసలు పాఠం జనవరిలో దొరికింది. చెట్టు విప్పి, సీసాలన్నీ బస్తాల్లో వేసి, మా ఊరికి మోపెడ్ మీద వచ్చే పాత సామాన్ల బాబాయ్ కొట్టుకు తీసుకెళ్లాను. ఆయన ఒక సీసా తీసి, రంగు చూసి, జిగురు ముద్ద చూసి, మళ్లీ బస్తాలో వేశాడు.

"ఇయ్యి నేను తీసుకోనమ్మా."

"సీసాలే కదా బాబాయ్!"

"సీసాలే. కానీ రంగు పూసింది, గమ్ము అంటింది. ఇట్టాంటిది ఒక్కటి కలిసినా బస్తా మొత్తానికి రేటు కోస్తారు."

అప్పుడు నాకు తల తిరిగినంత పనైంది. బీచ్‌లో అలాగే వదిలేసి ఉంటే ఎవరో ఒకరు ఏరుకుని ఈ కొట్టుకే తెచ్చేవాళ్లు. అక్కడి నుంచి ముక్కలై, కరిగి, పాలిస్టర్ దారమయ్యేది. రోజంతా నా మిషనులో తిరిగేది ఆ పాలిస్టర్ దారమే. ఆ దారి నేనే మూసేశాను. థర్మాకోల్ పోయిందని సంతోషపడి, దాని బదులు ఎవరూ తీసుకోని ఇంకో చెత్త తయారుచేశాను.

నా ముఖం చూసి ఆయన లోపలికి రమ్మని, నీళ్ల తొట్టి చూపించాడు. ఒక సీసా ముక్కా, ఒక మూతా అందులో వేశాడు. ముక్క మునిగింది, మూత తేలింది. "ఇది ఒక జాతి, అది ఒక జాతి. కరిగించేచోట ఇట్టానే నీళ్లల్లో వేసి విడదీస్తారు" అన్నాడు. ఆ మూలన రంగురంగుల మూతలతో నిండిన బస్తా ఒకటి ఉంది. ఎర్రవి, నీలివి, ఆకుపచ్చవి. ఆ బస్తా వంక చూస్తూ నిలబడ్డాను. సీసాను దేనికైనా బిగించడానికి జిగురు ఎందుకు? మర దానికి పుట్టుకతోనే ఉంది కదా. మూతను చెక్కకు బిగిస్తే సీసా తిప్పి పెట్టొచ్చు, తిప్పి తీయొచ్చు.

ఇంటికొచ్చి ఒక పీట చెక్క మీద మూతను బోర్లా కాకుండా, నోరు పైకి ఉండేలా పెట్టి, నడిమధ్య కాల్చిన మేకుతో చిల్లు చేసి, వాషర్ వేసి స్క్రూ బిగించాను. సీసా తలకిందులుగా పట్టుకుని తిప్పాను. రెండు చుట్లలో గట్టిగా కూర్చుంది. చెక్కను అటూ ఇటూ ఊపినా కదల్లేదు. అప్పుడు మొదటిసారి సీసా అడుగును తిన్నగా చూశాను. కూల్‌డ్రింక్ సీసా అడుగున ఐదు బుడిపెలుంటాయి. లోపలి గ్యాసు ఒత్తిడికి బల్లపరుపు అడుగైతే బయటికి ఉబ్బి సీసా నిలబడదు, అందుకని ఐదు కాళ్లు పెడతారు. నిలబెట్టినప్పుడు అవి కాళ్లు. ఎదురుగా తిప్పి పట్టుకుంటే ఐదు రేకుల పువ్వు. రేకులు కలిసే చోట ప్లాస్టిక్ మందంగా, గాజులా ఉంటుంది, మధ్యలో చిన్న బొడిపె. కిటికీ దగ్గర పట్టుకుంటే వెలుగంతా ఆ బొడిపె చుట్టూ చేరింది. ఎన్ని సీసాలు ఏరాను, ఎన్ని కడిగాను, ఎన్ని కోశాను, అంతకు ముందు ఒక్కసారీ ఇది చూడలేదు.

2024లో అందుకే చెట్టు వద్దనుకున్నాం, నక్షత్రమే. కోత మిల్లులో సరుగుడు రీపర్లు ఐదు కోయించాం, ఒక్కోటి ఐదుంపావు అడుగులు. వెదురు బద్దకు స్క్రూ ఎక్కిస్తే చీలిపోతుంది, అందుకని రీపరు. మా వడ్రంగి మామయ్య పాత పద్ధతిలోనే ఐదింటినీ అడ్డంగా పేర్చి బోల్టులు వేసి ఇచ్చాడు. అలా పేరిస్తే బయటికొచ్చే కొమ్ముల అంచులు పది వస్తాయి, ఒక్కోటి రెండడుగులు. అంచుకు ఏడు మూతల చొప్పున డెబ్బై మూతలు. కాల్చిన మేకు పట్టకారుతో పట్టుకుని చిల్లులు నేనే పెట్టాను, పెరట్లో, పిల్లల్ని దూరంగా ఉంచి. కాలే ప్లాస్టిక్ పొగ పీల్చకూడదు. స్క్రూలు పిల్లలు బిగించారు. సీసాలు కొయ్యలేదు కాబట్టి పదును అంచుల భయం లేదు. ఆరేళ్ల పిల్ల కూడా తిప్పి పెట్టగలదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. పన్నెండు మూతలు నీళ్ల సీసాలవి కలిసిపోయాయి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి కానీ మరలో తేడా, కూల్‌డ్రింక్ సీసా వాటిలో సగం తిరిగి ఆగిపోయింది. అవన్నీ విప్పి మళ్లీ వేశాం. మీరు చేసేటట్టయితే ఏ సీసా మూత ఆ సీసాతోనే ఉంచండి. సీసాలు కూడా ఒకే కొలతవి పోగుచెయ్యండి, మేము ముప్పావు లీటరువి తీసుకున్నాం. పొట్టీ పొడుగూ కలిస్తే నక్షత్రం ముఖం పళ్లూడినట్టు కనపడుతుంది.

రంగు సంగతి తేలడానికి వారం పట్టింది. పూయకూడదని అనుకున్నాక ఇంకేం చేస్తాం? మా సండే స్కూల్లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల, పాత నక్షత్రాలకు వాడే జిలాటిన్ కాగితం ముక్కను చుట్టలా సన్నగా చుట్టి సీసా మూతిలోంచి దూర్చింది. లోపలికెళ్లగానే కాగితం దానంతటదే విప్పుకుని గోడలకు ఆనుకుంది. సీసా నిండా ఎరుపు. మేమంతా చప్పట్లు కొట్టాం. తీయాలంటే ఊచకొన వంచి లాగితే వచ్చేస్తుంది. కొమ్ముల చివర ఎరుపు, లోపలికి వచ్చేకొద్దీ పసుపు పెట్టాం.

దీపాలకు ఎల్‌ఈడీ సీరియల్ సెట్లే. పాత నక్షత్రంలో పెట్టే నలభై వాట్ల బల్బు ఒకటి ముందు పెట్టి చూశాం, అరగంటకే పక్కనున్న సీసా ఒరిగింది. ఎల్‌ఈడీకి ఆ వేడి లేదు. సీసా మెడల మధ్యనుంచి తీగను అల్లుకుంటూ పోయి, కలిపినచోట్ల మంచు దిగకుండా టేపు చుట్టాం. డెబ్బై సీసాలు కలిపి రెండు కిలోలే, బరువంతా చెక్కదీ స్క్రూలదీ. అయినా సముద్రపు గాలిని నమ్మలేం, తుపాను చూసినవాళ్లం. రాడ్ బెండింగ్ వాళ్లు వాడే బైండింగ్ వైరుతో మూడు చోట్ల చెట్టుకు బిగించి కట్టాం.

డిసెంబరు ఒకటో తారీఖు సాయంత్రం చీకటి పడుతుండగా స్విచ్ వేశాం. దూరం నుంచి మామూలు నక్షత్రమే. దగ్గరికొచ్చేకొద్దీ డెబ్బై పువ్వులు, ఒక్కో పువ్వు నడుమ చిన్న నిప్పుకణిక. క్యారల్స్‌కి ఇళ్లిళ్లూ తిరిగి అర్ధరాత్రి వెనక్కి వస్తుంటే, పొలం గట్టు మీదికి ఎక్కగానే మంచులోంచి ఎర్రగా కనపడేది. పిల్లలు "మనది, మనది" అంటూ పరిగెత్తేవాళ్లు. చెత్త అన్న పెద్దాయన ఒకరోజు ఆరాధన అయ్యాక నక్షత్రం కింద నిలబడి చాలాసేపు పైకి చూశారు. చెయ్యెత్తి ఒక సీసా అడుగు తడిమారు. "ఇది సీసాయేనా అమ్మాయ్?" అన్నారు. "అవునండీ" అన్నాను. "తిప్పితే వస్తుందా?" తిప్పి తీసి చేతిలో పెట్టాను. ఆయనే మళ్లీ బిగించారు.

జనవరి మొదటి వారంలో విప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒకడు తిప్పుతుంటే ఒకడు జిలాటిన్ లాగుతూ, ఒకతె లెక్కపెడుతూ. డెబ్బై సీసాలూ ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయి, గీత లేదు, మరక లేదు. బాబాయ్ కొట్టులో త్రాసు మీద పెట్టాడు. ఈసారి ఏ సీసానూ తీసి చూడలేదు, బస్తా మూతి కట్టి పక్కన పెట్టేశాడు. చేతికొచ్చిన డబ్బు తక్కువే, దాంతో పిల్లలందరికీ తలా ఒక చాక్లెట్ వచ్చింది. మూతలు మాత్రం అమ్మలేదు.

ఆ చట్రం ఇప్పుడు మా ఇంటి అటక మీద ఉంది, డెబ్బై మూతలూ నోళ్లు పైకి తెరుచుకుని. ఈ ఏడు కార్తీకం మొదలవగానే పిల్లలు సీసాలు తేవడం మొదలుపెట్టారు. మొన్న ఆదివారానికి నలభై ఒకటి అయ్యాయి. ఇంకా ఇరవై తొమ్మిది కావాలి, అన్నీ ముప్పావు లీటరువే.