మామ చెక్కభజన కోసం పాత కంప్యూటర్‌కు మరమ్మతు: నా అనుభవం

మా మేనమామ కడప జిల్లాలో ఎన్నో ఏళ్లుగా చెక్కభజన, అంటే చేతిలో చెక్కలు మోగిస్తూ వలయంగా అడుగులు వేసే భజన, నేర్పుతున్నారు. నిరుడు శ్రీరామనవమి రాత్రి రామాలయం ముందు జరిగిన భజనను నలభై నిమిషాలపాటు ఫోనులో 4కెలో తీశాను. ఫోనును స్టాండుకు బిగించి, మొత్తం వలయం కనిపించేలా పెట్టి, మళ్లీ కదపలేదు. 4కె చిత్రం 3840 పిక్సెల్‌ల వెడల్పు, 2160 పిక్సెల్‌ల ఎత్తు ఉంటుంది. అందులో నాలుగో వంతును కత్తిరించి తీసుకున్నా పూర్తి హెచ్‌డీ చిత్రం మిగులుతుంది. అంటే ఒకే వీడియోలోంచి ఏ ఆటగాడి పాదాలనైనా దగ్గరగా చూపించవచ్చు. కొత్తగా చేరే పిల్లలకు అడుగులు చూపడానికి మామకు కావలసింది సరిగ్గా అదే.

హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉన్నది, ఏదో ఆఫీసు వాడి వదిలేసిన చిన్న డెస్క్‌టాప్. అందులో 2013 నాటి ఇంటెల్ ఐ5-4570 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్ ఉన్నాయి. కెడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో పెట్టి నడిపితే పాట సాగిపోయింది, బొమ్మ మాత్రం నిలిచిపోయింది. కొత్త కంప్యూటర్ కొనడమే దారి అన్నారు తెలిసినవాళ్లు. నేను పక్కన పెట్టుకున్నది పదిహేను వేలు.

ముందు, హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ కొనాలనుకున్నాను. కొనే ముందు వీడియో నడుస్తుండగా ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ప్రాసెసర్ నూరు శాతం పనిలో ఉంది, డిస్క్ దాదాపు ఖాళీగా ఉంది. ఆ ఒక్క చూపుతో నా లెక్కంతా మారిపోయింది.

ఫోను వీడియోను హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించి దాస్తుంది. దుకాణం చిట్టాలో మొదటి రోజు నిల్వ రాసి, ఆ తర్వాత జమాఖర్చులు మాత్రమే రాసుకుంటూ పోయినట్టు, మొదట ఒక పూర్తి చిత్రం, తర్వాత మారిన భాగాలు మాత్రమే అందులో ఉంటాయి. నడుమ ఒక రోజు నిల్వ తెలియాలంటే వెనక్కి వెళ్లి కూడుకుంటూ రావాలి. ఎడిటింగ్‌లో మనం క్షణానికోసారి ముందుకూ వెనక్కూ జరుగుతాం కాబట్టి కూడిక ఆగదు. నా ప్రాసెసర్ తరానికి అంతకు ముందటి కుదింపు పద్ధతి హెచ్.264ను విప్పే ప్రత్యేక సర్క్యూట్ ఉంది గాని, హెచ్‌ఈవీసీకి లేదు. భారమంతా ప్రాసెసర్‌లోని నాలుగు కోర్ల మీదే పడుతోంది.

అందుకే మొదటి పరిష్కారానికి రూపాయి ఖర్చు కాలేదు. కెడెన్‌లైవ్‌లో ప్రాక్సీ అనే సదుపాయం ఉంది. అసలు వీడియోకు తేలికైన చిన్న నకలు తయారవుతుంది, కత్తిరింపులన్నీ దాని మీద చేసుకుంటాం, చివరి ఫైలు మాత్రం అసలు దానిలోంచే వస్తుంది. రాత్రి ప్రాక్సీకి పెట్టి పడుకున్నాను. తెల్లవారి చూస్తే అదే కంప్యూటర్‌లో వీడియో నీళ్లలా సాగింది. ఎవరైనా కొనుగోళ్ల జాబితా రాసుకునే ముందు ఇది చేసి చూడాలని గట్టిగా చెబుతాను.

తర్వాత ర్యామ్. విప్పిన 4కె చిత్రం ఒక్కటే మెమరీలో సుమారు 33 ఎంబీ ఆక్రమిస్తుంది, ఎడిటింగ్‌లో అలాంటివి ఎన్నో ఒకేసారి కావాలి కాబట్టి 8 జీబీ చాలదు. ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించిన 8 జీబీ డీడీఆర్3 స్టిక్కులు రెండు తెప్పించాను. వేస్తే తెర మీద వెలుగే రాలేదు. రెండు రోజులు మదర్‌బోర్డు పోయిందేమో అని మథనపడ్డాను. ఆ స్టిక్కులు ఇంటెల్‌కు కాక, ఏఎమ్‌డీ ప్రాసెసర్ల బోర్డులకు మాత్రమే పనికొచ్చే రకమట. వివరాల్లో ఎక్కడో అడుగున ఆ మాట రాసి ఉంది. తిప్పి పంపి, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి కంప్యూటర్‌నే మోసుకెళ్లి, అక్కడే వేయించి, వెలిగాక డబ్బు ఇచ్చాను. పాత రెండు స్టిక్కులు తీసేసి 16 జీబీ చేసుకోవడానికి 1,900 రూపాయలైంది.

అంతా కుదిరిందనుకుని మొదటి పాటను మామకు పంపాను. ఫోను చేశారు.

"అల్లుడూ, అడుగు ఒకచోట పడుతోంది, చెక్క మరోచోట మోగుతోంది. మా వాళ్లు ఇలా ఆడరు."

నిజమే. వెలుతురు తగ్గితే ఫోను సెకనుకు తీసే చిత్రాల సంఖ్యను తనంతట తాను మార్చుకుంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుంటే ధ్వని క్రమంగా పక్కకు జరుగుతుంది. ఎవరైనా కూర్చుని మాట్లాడే వీడియోలో అంత చిన్న తేడా కంటికి ఆనకపోవచ్చు. చెక్కభజనలో పాదం నేలను తాకడం, చెక్క మోగడం ఒకే క్షణం. అది తప్పితే మిగిలేది ఏమీ లేదు.

దీనికి మందు ఎడిటింగ్‌కు ముందే వేయాలి. వీడియోలను ఒక రకం నుంచి మరో రకానికి మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్‌రేట్ (సెకనుకు మారని చిత్రాల సంఖ్య) ఎంచుకుని వీడియోను హెచ్.264లోకి మార్చాలి. నా ప్రాసెసర్‌తో ఒక్కో ప్రయత్నానికి ఒక రాత్రి పట్టింది. గ్రాఫిక్స్ కార్డు అవసరం నాకు తెలిసింది ఇక్కడే. చాలా ఎన్విడియా కార్డుల్లో వీడియోను కుదించే పనికే వేరుగా ఒక భాగం ఉంటుంది.

నా పెట్టె సన్నటిది, సగం ఎత్తు కార్డులే పడతాయి. దానికి కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్ చిన్నది, కార్డుకు వేరే కరెంటు వైరు లేదు. ఈ రెండు షరతులకూ ఒదిగింది జీటీఎక్స్ 1050 టీఐ "లో-ప్రొఫైల్" (సగం ఎత్తు) కార్డు. అది మదర్‌బోర్డు స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే నడుస్తుంది. వాడినది 6,000కు దొరికింది. అరగంట నడిపించి, ఫ్యాను చప్పుడు విని, అప్పుడు తీసుకున్నాను. రాత్రంతా పట్టిన మార్పిడి గంటన్నరలో ముగిసింది. అదే సైజు ఫైలులో ప్రాసెసర్ నిదానంగా చేసే పని కాస్త నాణ్యంగా ఉంటుంది కాబట్టి బిట్‌రేట్ (సెకను వీడియోకు వాడే డేటా) కొంచెం పెంచుకున్నాను.

500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీని చివరికి కొన్నాను, 3,200 రూపాయలు. ప్రాక్సీలూ కాష్ (తాత్కాలిక) ఫైళ్లూ దాని మీదే ఉంచుతున్నాను. నా ప్రాసెసర్ సాకెట్‌లోనే పట్టే, ఇంకా వేగమైన ఐ7-4770 కూడా చూసి, వద్దనుకున్నాను. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. నా ప్రాసెసర్ విండోస్ 11కు సరిపోయే వాటి జాబితాలో లేదు. కెడెన్‌లైవ్ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లోనూ నడుస్తుంది కాబట్టి అటే మారాను.

సంక్రాంతికి ఊరు వెళ్లి మామ ఇంట్లో టీవీలో వేశాను. ముందు మొత్తం వలయం, తర్వాత ముందు వరుసలోని ఇద్దరి పాదాలు. మామ ఏమీ మాట్లాడకుండా ఒడిలో ఎడమ చేత్తో తాళం వేస్తూ చూశారు. పాట అయ్యాక, "ఆ మూడో అడుగు మళ్లీ వెయ్యి, పిల్లల్ని పిలుస్తాను" అని లేచారు.