తాగి నడిపిన కేసు పడితే ఇన్సూరెన్స్ పెరుగుద్దా అండీ?

సంక్రాంతి బరులు అయిపోయిన వారం నుంచి పాలకొల్లులోని మా ఆఫీసులో ఈ ప్రశ్న మొదలవుతుంది. బండి ఇన్సూరెన్సులు రాసుకునే దాన్ని కదా, పోలీసుల్ని అడగలేనివన్నీ నన్ను అడుగుతారు.

పెరగదండీ. నేను నింపే ఫారాల్లో ఎక్కడా "తాగి దొరికారా" అన్న గడి లేదు. థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికి కట్టే భాగం, దాని రేటు ప్రభుత్వం పెట్టేది. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకి 2,094 రూపాయలు, 1500 లోపు 3,416, ఆపైన 7,897. నడిపేవాడు బుద్ధిమంతుడైనా, తాగి స్టీరింగ్ పట్టేవాడైనా అంతే. సొంత డ్యామేజీ భాగంలో చూసేది కారు మోడలు, వయసు, పాత క్లెయిములు. ఏటా క్లెయిము లేకపోతే 20 శాతం నుంచి 50 దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ అనే తగ్గింపు క్లెయిము చేస్తే పోతుంది గానీ, చలానా పడితే పోదు. చలానాలను బట్టి ప్రీమియం వెయ్యాలని 2021 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కమిటీ ఒకటి సలహా ఇచ్చింది, ముందు ఢిల్లీలో చూద్దామంది. మా టేబులు దాకా అయితే అది రాలేదు.

మా పిన్ని కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. ఎవరి పుట్టినరోజు పార్టీ నుంచో వస్తూ దొరికాడు. "అక్కా, కంపెనీ రెన్యువల్ చెయ్యనంది" అని ఫోన్లో గోల. వేరే కంపెనీ తీసుకుంది గానీ ప్రీమియం రెండింతలు దాటింది. దానికితోడు ఎస్ఆర్-22 అని ఒక పత్రం. ఇతనికి ఇన్సూరెన్స్ ఉందని కంపెనీయే రాష్ట్రానికి హామీ ఇవ్వాలి. అక్కడ రెండేళ్లు అది నడవాలి. మధ్యలో వాయిదా ఎగ్గొట్టి పాలసీ పోతే కంపెనీ ఆ సంగతి రాష్ట్రానికి చెప్పేస్తుంది, లైసెన్సు మళ్లీ ఆగిపోతుంది. నెలనెలా డబ్బు కడుతూ గొణుగుతుంటాడు, కానీ పార్టీకి మాత్రం కారు తియ్యడం మానేశాడు.

మన దగ్గర నెలనెలా ఏ నొప్పీ ఉండదు. అంతా ఒక్క రోజునే పడుతుంది.

కిందటేడు మా కస్టమరు ఒకాయన కారు రాత్రిపూట కాలవలోకి దిగింది. పొద్దున్నే క్రేను తీస్తుంటే వెళ్లాను. బంపరు నిండా గుర్రపుడెక్క, సీట్ల మీద వేలు మందాన ఒండ్రు, స్టీరింగ్ దగ్గర నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. మనిషికి చెయ్యి విరిగింది, అంతే, దేవుడి దయ. ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయరు ఫొటోలు తీసుకుని ఆసుపత్రి కాగితం అడిగాడు. అందులో డాక్టరు రాసిన ఒక్క లైను, "మద్యం వాసన". రక్త పరీక్షలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాముల గీత దాటింది. క్లెయిము ఇవ్వమని ఉత్తరం వచ్చింది. పాత భాగాలకని కోత వెయ్యకుండా ఇచ్చే బంపర్ టు బంపర్ పాలసీ అండీ అది, ఏటా తగ్గకుండా కట్టారు.

కాలవకి బదులు ఎదురుగా మోటారు సైకిలు వచ్చుంటే? థర్డ్ పార్టీలో మనిషి ప్రాణానికి, గాయాలకి పరిమితి లేదు. ఆస్తి నష్టానికే 7.5 లక్షలు. కోర్టు ఎంత చెబితే అంత. తాగి నడిపిన కేసయితే ముందు కంపెనీని కట్టమని, తర్వాత బండి యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్పడం మామూలే. కొబ్బరి తోట అమ్మైనా కట్టాలి. అందుకే టెక్సస్ పద్ధతే నయమని నా లెక్క.

ఎవరూ చూడనిది ఇంకోటుంది. పాలసీ కాగితంలో "నడపడానికి అర్హులు" అని ఒక పేరా. ప్రమాదం జరిగిన రోజు చెల్లే లైసెన్సు ఉండాలి, అది రద్దయిన, సస్పెండయిన మనిషి కాకూడదు. మా వరసకి బాబాయ్ అయ్యే రొయ్యల మేత డీలరు ఒకాయన చించినాడ వంతెన దిగాక దొరికారు. 10,000 జరిమానా, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్. "ప్రీమియం పెరగదు కదమ్మాయ్" అని సంతోషంగా తాళాలు తిప్పుతున్నారు. కాగితం తీసి ఆ పేరా మీద వేలు పెట్టి చదివించాను. ఈ మూడు నెలల్లో ఆయన నడిపి గుద్దితే డ్యామేజీ రాదు, యజమానికి ఉండే 15 లక్షల ప్రమాద బీమా కూడా దక్కదు. పైగా సస్పెన్షన్‌లో ఉండగా నడుపుతూ దొరికితే ఇంకో 10,000, జైలు కూడా పడొచ్చు.

"ఆయ్, అలాగైతే మేత గోడౌన్ కుర్రాణ్ణి నడపమంటాలే" అన్నారు. ఆ అబ్బాయి లైసెన్సు నంబరు రవాణా శాఖ పరివాహన్ సైట్లో కొట్టి చూశాను. మోటారు సైకిలుకే ఉంది. ఇప్పుడు భీమవరం నుంచి ఒక డ్రైవర్ని మాట్లాడుతున్నారు, జీతం దగ్గర బేరం తెగలేదు.