19 సెకన్లు

వాచీ ఆపి చూశా. 2:00:19.

గచ్చిబౌలి స్టేడియంలో గడ్డి మీద అలాగే కూలబడ్డా. మెడలో మెడల్ వేశారు, చేతిలో అరటిపండు పెట్టారు. తినబుద్ధి కాలేదు.

రెండు గంటల్లోపు హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) అంటే కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు. పీపుల్స్ ప్లాజాలో బయల్దేరినప్పటి నుంచి చాలాసేపు ఆ లెక్క తప్పలేదు. ఆ తర్వాత ఆగస్టు ఉక్కపోత, ఎక్కిన ప్రతి ఫ్లైఓవరూ కాస్త కాస్త లాగేసుకున్నాయి.

"19 సెకన్లే కదా" అంటున్నారు ఇంట్లో. అందుకే ఎక్కువ బాధ. ఐదు నిమిషాలు తేడా వచ్చుంటే ఈపాటికి హాయిగా నిద్రపోయేదాన్ని.

మధ్యాహ్నం నుంచీ కెన్యా మారథాన్ రన్నర్ కిప్చోగే గుర్తొస్తున్నాడు. 2017లో ఇటలీలోని మోంజాలో రెండు గంటల్లోపు ఫుల్ మారథాన్ (42.2 కిలోమీటర్లు) పూర్తి చేయాలని దిగాడు. 2:00:25. అంతకుముందు ఆ దూరం ఎవరూ అంత వేగంగా పరిగెత్తలేదు, అయినా 25 సెకన్లు మిగిలిపోయాయి. వియన్నాలో 1:59:40 వచ్చింది 2019లో. అందరూ వియన్నా గురించే మాట్లాడతారు. నాకు మాత్రం మోంజా మర్నాడు పొద్దున్న ఆయనకి ఎలా ఉండిందో తెలుసుకోవాలనుంది.

ఇవాళ ఏడుపొస్తే ఏడుస్తా. ఈ వారం బూట్ల జోలికి వెళ్లను. చలికాలంలో ఇంకో హాఫ్‌కి పేరిస్తున్నా, నాతో ఎవరొస్తారు?