తులసి కోసే ముందు చదివే శ్లోకం

తులస్యమృతజన్మాసి సదా త్వం కేశవప్రియే
కేశవార్థం లునామి త్వాం వరదా భవ శోభనే

అమృతం నుంచి పుట్టిన తల్లీ, కేశవుడికి ఎప్పుడూ ప్రియమైనదానా, ఆయన కోసమే నిన్ను కోస్తున్నాను, వరమియ్యి అని తులసిని వేడుకునే శ్లోకమిది. ఇప్పుడు చాలా ఇళ్లలో శ్లోకం మిగిలింది, కోయడం పోయింది. తులసమ్మను తుంచితే పాపమని ముట్టుకోరు. మొక్కేమో పూతకొచ్చి, మంజరులు గింజకట్టి, కింది ఆకులన్నీ రాల్చుకుని పుల్లలా నిలబడుతుంది. అప్పుడు ఇంటికేదో కీడని కంగారు పడతారు.

గింజ కట్టాక ఆకు తగ్గడం తులసి స్వభావం. మంజరి లేతగా ఉన్నప్పుడే, కింద రెండు మూడు జతల ఆకులతో కలిపి తుంచి స్వామికి సమర్పిస్తే, పూజకు దళం దొరుకుతుంది, మొక్కకూ మేలు. తులసి ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ప్రతి ఆకు మొదట్లో ఒక చిన్న మొగ్గ ఉంటుంది. జతకు కాస్త పైన తుంచితే రెండు వైపులా చిగుళ్లు వచ్చి మొక్క గుబురవుతుంది. కింది ఆకులను ఒక్కొక్కటే లాగేస్తే మాత్రం కాండం బోసిపోతుంది. గోళ్లు తగలకూడదని పెద్దలంటారు. లేత కాడ నలగకుండా ఉండాలన్నా అదే మంచిది. వేలి కొసలతో తుంచండి, ముదురు కొమ్మైతే కత్తెర వాడండి. ఒక్కసారే మూడో వంతుకు మించి కోయొద్దు.

ద్వాదశి, ఆదివారం, అమావాస్య, పౌర్ణమి, సంక్రమణం, సంధ్య దాటాక కోయరు. కొన్ని ఇళ్లలో మంగళ, శుక్రవారాలూ కోయరు. తులసికి నిల్వదోషం లేదు కనుక ముందురోజు కోసి తడిగుడ్డలో చుట్టి పెట్టుకోవచ్చు. కార్తిక శుద్ధ ద్వాదశి నాటి క్షీరాబ్ధి ద్వాదశి పూజకు దళాలు దశమి నాడే కోసుకుంటే ద్వాదశి పట్టింపు అడ్డురాదు.

ఆ పూజలోనే మొక్కకు ఎక్కువ దెబ్బ తగులుతుంది. కాయలున్న ఉసిరికొమ్మను తులసి కాండం పక్కనే బలంగా గుచ్చితే వేళ్లు తెగుతాయి. కోట అంచు దగ్గర గుచ్చండి. పాలు మట్టిలో పోస్తే పులిసి వాసన వస్తుంది, చీమలు చేరతాయి. ఒక చెంచాడు నైవేద్యంగా చూపించి తీర్థంలో కలుపుకుంటే చాలు. దీపాలు ఆకులకు మూరెడు దూరంలో ఉండాలి, హారతి వేడికి చిగుళ్లు మాడిపోతాయి. పసుపు, కుంకుమ మొక్క మొదట్లో కుప్ప పోయకుండా కోట గోడకు అద్దండి. దుకాణాల కుంకుమలో ఏ రంగు కలిసిందో మనకెలా తెలుస్తుంది?

తులసి చచ్చేది ఎక్కువగా నీళ్ల వల్లే, అదీ ఎక్కువైతే. ఇంట్లో నలుగురూ స్నానం చేసి తలో చెంబు పోస్తారు. కోటకేమో అడుగున రంధ్రం ఉండదు. వేరు కుళ్లి, మట్టి తడిగా ఉండగానే ఆకులు వాలిపోతాయి. అది చూసి దాహమనుకుని ఇంకో చెంబు! పై మట్టి అంగుళం లోతు ఆరాకే నిండుగా నీళ్లు పోయాలి. మిగతా రోజుల్లో ఉద్ధరిణెడు నీళ్లతో అర్ఘ్యం ఇచ్చినా పూజ పూజే. కుండీ పన్నెండు అంగుళాలది కావాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి.

పిండినల్లి పడితే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బుద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఆ తర్వాత వారం పాటు ఆ ఆకు తీర్థానికీ, కషాయానికీ వాడొద్దు. అమెరికాలో మంచు పడే చోట ఉన్న మనవాళ్లు రాత్రి చలి పది డిగ్రీల సెల్సియస్‌కు (యాభై ఫారెన్‌హీట్‌కు) దిగకముందే కుండీని ఇంట్లోకి, ఎండ పడే కిటికీ దగ్గరికి చేర్చాలి.

తీర్థానికి చెంబు నీళ్లలో ఐదారు దళాలు, ఒక ఏలక్కాయ, ఆవగింజంత పచ్చకర్పూరం చాలు. హారతి కర్పూరం వేరు, అది కడుపులోకి పోకూడదు. జలుబు, దగ్గు ఉంటే పది పన్నెండు ఆకులు, నాలుగు మిరియాలు, అర అంగుళం అల్లం దంచి రెండు గ్లాసుల నీళ్లలో వేసి, ఒక గ్లాసయ్యేదాకా సన్నమంట మీద మరిగించండి. గోరువెచ్చబడ్డాక తేనె కలుపుకుని పూటకు అర గ్లాసు తాగవచ్చు. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు. గర్భిణులు, రక్తం పలుచబడే మందులు లేదా షుగరు మాత్రలు వాడేవారు డాక్టరును అడిగాకే కషాయం తాగాలి. తీర్థంలో దళం సంగతి వేరు.

ఎంత చూసుకున్నా రెండు మూడేళ్లకు తులసి ముదిరి కట్టెబారుతుంది. వయసైపోవడమే తప్ప అది అపశకునం కాదు. ఏటా ఒక మంజరిని గోధుమరంగుకు తిరిగేదాకా ఉంచి, అరచేతిలో నలిపి గింజలు దులపండి. తడిమట్టి మీద చల్లి వేలితో అదమండి. పైన మట్టి మందంగా కప్పితే ఆవగింజ కన్నా చిన్న ఆ గింజ నుంచి మొలక పైకి రావడం కష్టం. వెచ్చగా ఉంటే వారం, రెండు వారాల్లో మొలుస్తుంది. నాలుగు నుంచి ఆరు ఆకులు తొడిగాక కోటలోకి మార్చి, ఎండిన పాత కాండాన్ని హోమానికి దాచుకోవచ్చు.