‘కన్వే’ అంటే తెలియజేయడమేనా?

విజయవాడలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునేవారిలో చాలామంది ‘కన్వే’ అనగానే ‘తెలియజేయు’ అని రాసుకుంటారు. అది తప్పు కాదు గానీ, ఆ ఒక్క అర్థమే పట్టుకుంటే ‘కన్వే మీ ద మెసేజ్’ వంటి వాక్యాలు పుట్టుకొస్తాయి. ‘టెల్’కు వినే మనిషి నేరుగా కర్మ అవుతాడు, ‘కన్వే’కు చేరవేసే విషయమే కర్మ, కాబట్టి మనిషికి ముందు ‘టు’ ఉండి తీరాలి: ‘కన్వే మై రిగార్డ్స్ టు యువర్ ఫాదర్’.

లాటిన్‌లో దారి అని అర్థమిచ్చే ‘వియా’ నుంచి ప్రాచీన ఫ్రెంచి మీదుగా వచ్చిన ఈ క్రియకు ‘కాన్వాయ్’ తోబుట్టువు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బొగ్గును మోసే కన్వేయర్ బెల్టులోనూ, జీతంలో కలిసే కన్వేయన్స్ అలవెన్సులోనూ, రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించుకునే కన్వేయన్స్ డీడులోనూ ఆ చేరవేతే ఉంది. (నాకు దస్తావేజే ముచ్చటైన ఉదాహరణ: స్థలం అంగుళం కదలదు, హక్కు మాత్రం చేతులు మారుతుంది.)

నోరు విప్పకుండానే కన్వే చేయవచ్చు. ‘హర్ సైలెన్స్ కన్వేడ్ హర్ యాంగర్’ అన్నచోట ‘టెల్’ అతకదు. అయితే ‘టెల్ హిమ్’తో సరిపోయే రోజువారీ కబురుకు ‘కన్వే’ వాడటం నాకు కృతకంగానే తోస్తుంది.